తటస్థ దేశములలో దిగిన యుద్ధవిమానములు: వాని చరిత్రను వెలికితీయు విధానము

రెండవ ప్రపంచయుద్ధకాలపు (1939-45) ఐరోపా పటమును చూచినచో, యుద్ధములో చిక్కుకొనిన దేశముల నడుమ కొన్ని దేశములు సముద్రములోని దీవులవలె విడిగా నిలిచియుండుట కనిపించును. స్విట్జర్లండు, స్వీడను, ఐర్లండు, పోర్చుగలు, స్పెయిను మొదలగునవి అట్టివి. ఇవి ఏ పక్షమునను చేరక తటస్థముగా నుండినవి. కాని భూమిమీద గీచిన సరిహద్దు ఆకాశములో కనబడదు. గుండ్లు తగిలి ఇంజను ఆగిపోయిన విమానమునకు, దారి తప్పి పెట్రోలు అడుగంటిన విమానమునకు ఏదో ఒక నేల కావలెను. అట్లు ఆ ఆరేండ్లలో వందలకొలది యుద్ధవిమానములు తటస్థ దేశముల విమానాశ్రయములలోను, పొలములలోను, సరస్సులలోను, బురదనేలలలోను దిగినవి, కొన్ని కూలిపోయినవి.

ఈ విమానములలో ప్రతిదానికి ఒక చరిత్ర కలదు. అది ఎచ్చటినుండి బయలుదేరినది? ఎందువలన దారి మార్చుకొనినది? అందులోని వారేమైరి? తరువాత ఆ యంత్రమేమైనది? యుద్ధము ముగిసి ఎనుబది ఏండ్లు గడచినను ఈ ప్రశ్నలకు సమాధానములు వెదకువారు కలరు. వారి పని వట్టి కుతూహలము తీర్చుకొనుట కాదు. కొందరు వైమానికులపై పడిన అపవాదు నిజమో కాదో తేల్చుటకు ఈ పరిశోధనయే ఆధారమైనది. అది ఎట్లు సాగునో, అందు ఏ ఏ శాస్త్రములు తోడ్పడునో తెలిసికొనుట విద్యార్థులకు ఉపయుక్తముగా నుండును.

తటస్థత యనగా నేమి?

తటస్థత యనగా యుద్ధమును దూరమునుండి చూచుచు ఊరకుండుట మాత్రమే కాదు. దానికి హక్కులును కలవు, విధులును కలవు. 1907లో హేగ్ నగరమున కుదిరిన అయిదవ ఒడంబడిక వానిని నిర్ణయించినది. ఆ ఒడంబడిక 11వ అధికరణము ప్రకారము, యుద్ధము చేయుచున్న ఏ పక్షపు సేనలైనను తన భూమిపై ప్రవేశించినచో, తటస్థ దేశము వారిని యుద్ధరంగమునకు సాధ్యమైనంత దూరమున నిర్బంధించి యుంచవలెను. వారిని తిరిగి యుద్ధమునకు పోనిచ్చినచో ఒక పక్షమునకు సాయపడినట్లగును. అప్పుడు రెండవ పక్షము దానిని శత్రువుగా నెంచవచ్చును.

1907 నాటికి విమానము శైశవదశలో నుండెను. కావున విమానములను గూర్చి ప్రత్యేకముగా నియమములను 1922-23 సంవత్సరములలో హేగ్ నగరముననే న్యాయనిపుణులు వ్రాసిరి. వానిని ప్రభుత్వములు ఒడంబడికగా ఆమోదింపకపోయినను, ఆచరణలో దేశములు చాలవరకు ఆ పద్ధతినే అనుసరించినవి. విమానమును స్వాధీనపరచుకొనుట, అందులోని వారిని నిర్బంధించుట, ఇవి రెండును తటస్థ ప్రభుత్వపు విధులుగా పరిగణింపబడినవి.

ఇందు గమనింపవలసిన భేద మొకటి కలదు. శత్రుదేశము పట్టుకొనిన సైనికుడు యుద్ధఖైదీ. తటస్థ దేశము ఆపి యుంచిన సైనికుడు నిర్బంధితుడు మాత్రమే. మాటలో చిన్నదిగా తోచు ఈ భేదము తరువాతి కాలమున ఎంత చిక్కు తెచ్చినదో ముందు తెలియగలదు.

తటస్థత ఇరువురి నడుమ మాత్రమే యుండుటయు కలదు. సోవియట్ రష్యా 1941 జూను మొదలు జర్మనీతో ఘోరయుద్ధము చేయుచుండెను. కాని అదే సంవత్సరము ఏప్రిలులో జపానుతో చేసికొనిన ఒప్పందమువలన జపాను విషయమున తటస్థముగా నుండెను. అందువలన జపానుపై బాంబులు వేసి దెబ్బతిని సైబీరియాలో దిగిన అమెరికా విమానములను, అమెరికా తనకు మిత్రదేశమే యైనను, రష్యా నిర్బంధించవలసి వచ్చినది.

దెబ్బతిన్న విమానము ఎంత దూరము పోగలదు?

తటస్థ దేశమున దిగుట వైమానికుని యిష్టమా, అవసరమా? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న విమానపు యంత్రశాస్త్రమును కొంచెము తెలిసికొనవలెను.

అమెరికా వారి బి-17 బాంబరు విమానమునకు నాలుగు ఇంజనులు. ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తి కలది. అందు సాధారణముగా పదిమంది ప్రయాణము చేయువారు. తూర్పు ఇంగ్లండులోని స్థావరములనుండి బయలుదేరి సుమారు 7,500 మీటర్ల ఎత్తున, వందలాది విమానములు వరుసలు తీర్చి పోవుచుండెడివి. వరుసలో నున్నంతవరకు ప్రతి విమానమునకు ఇరుగుపొరుగు విమానముల తుపాకులు రక్షణ. వరుస తప్పి వెనుకబడినదానిని శత్రువుల పోరువిమానములు చుట్టుముట్టును.

ఒక ఇంజను చెడినచో, దాని శక్తి పోవుట ఒక్కటే నష్టము కాదు. ఆగిన ఇంజను ముందున్న పంకా ఎదురుగాలికి గిరగిర తిరుగుచు విమానమును వెనుకకు లాగును. దీనిని నివారించుటకు పంకా రెక్కలను గాలికి అంచు చూపునట్లు త్రిప్పు ఏర్పాటు కలదు. కాని ఆ ఏర్పాటు ఇంజను నూనె యొత్తిడితో పనిచేయును. గుండు తగిలి నూనె యంతయు కారిపోయినచో పంకా రెక్కలు తిరుగవు. అట్టి విమానము వేగము తగ్గి, ఎత్తు తగ్గి, మిగిలిన ఇంజనులపై భారము పెరిగి, పెట్రోలు ఎక్కువగా త్రాగును.

ఒక లెక్క వేసి చూడవచ్చును. ఒక విమానము మ్యూనిక్ నగరముపై రెండు ఇంజనులు పోగొట్టుకొని 6,000 మీటర్ల ఎత్తున నున్నదనుకొనుడు. అది గంటకు 240 కిలోమీటర్ల వేగముతో పోవుచు సెకనుకు ఒకటిన్నర మీటరు చొప్పున క్రిందికి దిగుచున్నదనుకొనుడు. 6,000ను 1.5 చేత భాగించగా 4,000 సెకనులు, అనగా సుమారు 67 నిమిషములు వచ్చును. నిమిషమునకు 4 కిలోమీటర్లు చొప్పున ఆ కాలములో అది పోగల దూరము సుమారు 267 కిలోమీటర్లు. మ్యూనిక్ నుండి తూర్పు ఇంగ్లండు సుమారు 900 కిలోమీటర్లు. స్విట్జర్లండు సరిహద్దో, సుమారు 160 కిలోమీటర్లు మాత్రమే. ఇక ఆ విమానము ఎటు పోవలెనో లెక్కయే చెప్పుచున్నది. నిజమైన విమానము ఇంత సమముగా దిగదు. క్రిందిగాలి దట్టమగుటచే దిగుదల కొంత తగ్గవచ్చును. కాని అంచనాకు ఈ లెక్క చాలును.

స్విట్జర్లండులో దిగినవి

1943 ఆగస్టు 13న ఒక బి-24 బాంబరు స్విట్జర్లండులో దిగినది. ఆ దేశమున దిగిన అమెరికా బాంబరులలో అదియే మొదటిది. ఆస్ట్రియాలోని వీనర్ నోయ్‌స్టాట్ కర్మాగారములపై దాడికి అది ఉత్తర ఆఫ్రికానుండి వచ్చినది. నాలుగు దినములకే, రేగెన్స్‌బుర్గ్, ష్వైన్‌ఫుర్ట్ నగరములపై జరిగిన మహాదాడిలో దెబ్బతిని బి-17 విమానములును వచ్చి చేరినవి. యుద్ధాంతమునకు స్విట్జర్లండులో దిగినవియు కూలినవియు కలిసి అమెరికా విమానములు 160కి పైగా నుండినవి. నిర్బంధములో నుంచబడిన అమెరికా వైమానికులు 1,500కు మించిరి. చాల విమానములు జూరిక్ దగ్గరి డ్యూబెన్‌డోర్ఫ్ సైనిక విమానాశ్రయమున వరుసలుగా నిలిచినవి.

స్విస్ పోరువిమానములు వీనికి ఎదురేగి దారి చూపి దింపెడివి. కాని అన్ని సందర్భములలోను కథ సుఖాంతము కాలేదు. స్విస్ ఫిరంగుల చేతను పోరువిమానముల చేతను కాల్పులకు గురియైన విమానములును కలవు.

1944 మార్చి 18న ఒక్కనాడే 16 అమెరికా బాంబరులు స్విట్జర్లండు చేరినవి. ఏప్రిలు 24న మరి పదికి పైగా వచ్చినవి. ఇట్లు గుంపులుగా వచ్చుట చూచి కొందరికి అనుమానము కలిగినది. యుద్ధమునకు వెరచిన వైమానికులు, చెడిపోని విమానములను బుద్ధిపూర్వకముగా తటస్థ దేశములకు నడిపించి, హాయిగా కాలము గడుపుటకు దిగుచున్నారని ఒక అపవాదు పుట్టినది. మంచుకొండలలోని అడెల్‌బోడెన్, వెంగెన్, డావోస్ వంటి విహారస్థలముల హోటళ్లలో వారికి బస యేర్పరుపబడుట ఈ అపవాదునకు మరింత బలమిచ్చినది. యుద్ధము ముగిసినను ఈ మాట సమసిపోలేదు. నిర్బంధములో నుండి వచ్చినవారు దశాబ్దములపాటు దానిని మోయవలసి వచ్చినది.

అపవాదును వాదముతో కొట్టివేయలేము. ప్రతి విమానమునకు ఆనాడు ఏమి జరిగినదో ఒక్కొక్కటిగా తేల్చవలెను. ఇచ్చటనే పరిశోధకుని పని ప్రారంభమగును.

మొదటి మెట్టు: యంత్రమును గుర్తించుట

వైద్యుడు రోగిపేరు సరిగా వ్రాసికొనినట్లే, పరిశోధకుడు ముందుగా విమానమును గుర్తించవలెను. విమానపు ముక్కుమీద రంగులతో వ్రాసిన ముద్దుపేరు ఇందుకు చాలదు. ఒకే ముద్దుపేరు గల విమానములు అనేకము లుండెడివి. ఒకే విమానమునకు కాలక్రమమున పేరు మారుటయు కలదు.

నమ్మదగినది క్రమసంఖ్య. అమెరికా సైనిక విమానముల క్రమసంఖ్య, వానిని కొనుటకు ఉత్తరువైన ఆర్థిక సంవత్సరముతో మొదలగును. ఉదాహరణకు 42-32076 అనునది 1942 ఆర్థిక సంవత్సరపు లెక్కలోని విమానము. తోకపై వ్రాయునపుడు సంవత్సరములోని మొదటి అంకెను, నడిమి గీతను విడిచి 232076 అని వ్రాసెడివారు. పాత ఛాయాచిత్రములో తోకపై అంకెలు కనబడినచో, ముందు 4 చేర్చి అసలు సంఖ్యను రాబట్టవచ్చును. తోకపైననే పెద్ద త్రికోణములో గాని చతురస్రములో గాని ఒక అక్షర ముండెడిది. ఆ ఆకారము విమాన విభాగమును, అక్షరము అందలి దళమును తెలుపును. త్రికోణములో ‘ఏ’ యున్నచో అది 91వ బాంబరు దళము. చతురస్రములో ‘డి’ యున్నచో 100వ బాంబరు దళము.

విమానము ముక్కలై తోక దొరకనప్పుడు ఏమి చేయవలెను? ప్రతి ఇంజనునకు, ప్రతి తుపాకికి వేరు వేరు సంఖ్యలు కొట్టబడి యుండును. తిరిగి రాని విమానములను గూర్చి అమెరికా వైమానికదళము 1943 మధ్యనుండి ఒక నివేదికాపత్రమును నింపించెడిది. అందు వైమానికుల పేర్లు, విమానము చివరిసారి కనబడిన స్థలము, అప్పటి వాతావరణము, చూచిన సాక్షుల మాటలు మాత్రమే గాక, ఇంజనుల సంఖ్యలు, తుపాకుల సంఖ్యలు కూడ వ్రాయబడెడివి. అందువలన నేలలో దొరకిన ఒక తుపాకి ముక్కపై సంఖ్య చదువగలిగినచో, ఆ విమాన మేదో, అందున్నవా రెవరో తెలియుటకు అవకాశము కలదు.

రెండవ మెట్టు: పత్రములను సరిపోల్చుట

తటస్థ దేశమున దిగిన విమానమును గూర్చి రెండు వైపుల పత్రము లుండును. ఒకవైపు, విమానమును పంపిన దళపు దినచర్యలు, తిరిగివచ్చిన వారి వాఙ్మూలములు. రెండవవైపు, దిగిన దేశపు సైనికాధికారులు ఆనాడే వ్రాసిన నివేదికలు. స్విస్ ప్రభుత్వ పత్రములు బెర్న్ నగరములోని జాతీయ పత్రభాండాగారమునను, ఐర్లండువారి పత్రములు డబ్లిన్‌లోని సైనిక పత్రభాండాగారమునను కలవు. ఎంత పెట్రోలు మిగిలినది, ఏ ఇంజను ఆగినది, ఎన్ని రంధ్రములు పడినవి మొదలగు వివరములకు ఇట్టి నివేదికలు అమూల్యములు. ఏలయన, వానిని వ్రాసినవారు ఏ పక్షమునకును చెందినవారు కారు.

ఈ రెంటిని సరిపోల్చునపుడు జాగ్రత్త అవసరము. ఉదాహరణకు కాలము. 1944 ఏప్రిలు 2 నుండి సెప్టెంబరు 17 వరకు బ్రిటనులో గడియారములు గ్రీనిచ్ కాలమునకు రెండు గంటలు ముందుగా నడిచినవి. స్విట్జర్లండులో ఒక గంట మాత్రమే ముందు. కావున బ్రిటిషు గడియారము ప్రకారము పగలు 2 గంటలకు దెబ్బతిన్నట్లు ఇంగ్లండులో వ్రాసికొనిన విమానము, స్విస్ పత్రమున 1 గంట 30 నిమిషములకు దిగినట్లుండవచ్చును. దెబ్బ తగులకముందే దిగినదా యని ఆశ్చర్యపడనక్కరలేదు; నిజమునకు అది అరగంట తరువాతనే దిగినది. ఈ సంగతి తెలియనివాడు రెండు పత్రములలో ఒకటి అబద్ధమని త్రోసివేయును.

ఛాయాచిత్రములును సాక్ష్యములే. నీడల పొడవునుబట్టి దినములోని వేళను, వెనుక కనబడు కొండల రూపురేఖలనుబట్టి స్థలమును నిర్ణయించవచ్చును. ఆనాడు బాలురుగా నుండి విమానము దిగుట చూచిన గ్రామస్థుల జ్ఞాపకములును విలువైనవే. కాని జ్ఞాపకము తేదీలను మరచును, రెండు సంఘటనలను ఒకటిగా కలుపును. కావున స్థలమును కనుగొనుటకు సాక్షిని, తేదీని నిర్ణయించుటకు పత్రమును నమ్ముట మేలు.

పేర్లు మార్చుకొనిన విమానము

గుర్తింపు ఎంత కష్టమో, ఎంత ముఖ్యమో ఒక విమానపు కథవలన తెలియగలదు. పైన ఉదాహరణగా చెప్పిన 42-32076 ఒక బి-17. ఆనాడు ప్రసిద్ధమైన ఒక పాటనుబట్టి దానిలోని వారు దానికి ‘షూ షూ బేబీ’ అని పేరు పెట్టిరి. తరువాత నడుపువాడు మారగా మరియొక ‘షూ’ చేరినది. 1944 మే 29న పోలండులోని పోజెన్ నగరముపై దాడికి పోయినపుడు ఇంజనులు చెడి, ఆ విమానము స్వీడనులోని మాల్మో నగరమున దిగినది.

స్వీడను ప్రభుత్వము నిర్బంధితులను విడిచిపుచ్చుటకు అంగీకరించిన సందర్భమున, అమెరికా కొన్ని బి-17 విమానములను ఆ దేశమునకు ఇచ్చినది. వానిలో ఏడింటిని సాబ్ అను విమాననిర్మాణసంస్థ ప్రయాణీకుల విమానములుగా మార్చినది. బాంబులు మోసిన చోట పదునాలుగు కుర్చీలు వెలసినవి. తుపాకులు పోయినవి; రంగు మారినది; పేరు చెరిగినది.

పౌర విమానములపై మొదటి అక్షరములు దేశమును తెలుపును; భారతదేశపు విమానములపై ‘వి.టి.’ ఉండుట అందరు చూచినదే. ఈ విమానముపై ముందుగా స్వీడను గుర్తు పడినది. పిమ్మట డెన్మార్కు కొనగా ఆ దేశపు గుర్తు పడినది. డెన్మార్కు సైన్యము దానిని గ్రీన్‌లండు పటములు తయారుచేయుటకు వాడినది. తరువాత ఫ్రాన్సు దేశపు భూగోళసంస్థ దానిని కొని, పైనుండి ఛాయాచిత్రములు తీయుటకు ఉపయోగించినది. చివరకు పని తీరి పారిస్ నగరమునకు ఉత్తరముననున్న క్రేయ్ విమానాశ్రయమున విడువబడినది.

1968లో అది అక్కడ పడియుండుట వెల్లడియైనది. మూడు దేశముల రంగుల క్రింద దాగియున్న ఆ యంత్రము, పాత బాంబరు 42-32076 యే యని క్రమసంఖ్యల పరంపర రుజువు చేసినది. 1972లో ఫ్రెంచి ప్రభుత్వము దానిని అమెరికాకు బహూకరించినది. 1978లో మొదలైన మరమ్మతు పదేండ్లు సాగినది. 1988 అక్టోబరులో ఆ విమానము తన రెక్కలమీదనే ఎగిరి ఒహైయో రాష్ట్రములోని వైమానికదళపు వస్తుప్రదర్శనశాలకు చేరినది.

అన్ని విమానములకు ఈ భాగ్యము లేదు. 1944 మార్చి 16న స్విట్జర్లండులోని సుగ్ సరస్సుపై దిగి మునిగిపోయిన బి-17ను 1952లో పైకి తీసి ఊరూర ప్రదర్శించిరి. కాని దానిని కాపాడువారు లేక 1972లో తుక్కుక్రింద కొట్టివేసిరి. డ్యూబెన్‌డోర్ఫ్‌లో నిలిచిన విమానములలో బాగుచేయ వీలైనవానిని 1945లో ఇంగ్లండునకు తీసికొనిపోగా, తక్కినవి లోహముగా కరగిపోయినవి. వస్తువు పోయినచోట పత్రమే మిగులును. పత్రమును పోగొట్టుకొనినచో ఇక ఏదియు మిగులదు.

బురదనేల దాచిన సాక్ష్యము

ఐర్లండులో ఈ పరిశోధన మరియొక రూపము దాల్చినది. ఆ దేశములో యుద్ధకాలమున 150కి పైగా పరదేశపు విమానములు దిగినవి లేదా కూలినవి. తమ దేశమును గుర్తుపట్టుటకై ఐర్లండువారు సముద్రతీరమున సున్నము పూసిన రాళ్లతో ‘ఐరె’ అని తమ దేశపు పేరును పెద్ద అక్షరములతో నేలపై పరచిరి. తరువాత ప్రతి గుర్తుప్రక్క ఒక సంఖ్య చేర్చుటచే, అవి పైలటులకు దారి చూపు గుర్తులును అయినవి.

1941 నవంబరు 30న బ్రిటిషు వైమానికదళములో పనిచేయుచున్న రోలండ్ వుల్ఫ్ అను అమెరికను యువకుని స్పిట్‌ఫైర్ విమానపు ఇంజను మిక్కిలి వేడెక్కినది. అతడు గొడుగు సాయముతో దూకి ప్రాణము దక్కించుకొనెను. పి-8074 సంఖ్య గల ఆ విమానము డోనిగాల్ ప్రాంతపు బురదనేలలో కూరుకొనిపోయినది. అది ఒక పారిశ్రామికుడు ఇచ్చిన విరాళముతో కొనబడిన విమానము. ఆ కాలమున విమానములకు విరాళము లిచ్చుట పరిపాటి. హైదరాబాదు నిజాము ఇచ్చిన విరాళమువలననే బ్రిటిషు వైమానికదళములోని 152వ దళమునకు ‘హైదరాబాదు’ అను పేరు వచ్చినది.

వుల్ఫ్‌ను ఐర్లండువారు కురా అను చోటి శిబిరమున నిర్బంధించిరి. రెండు వారములకే అతడు తప్పించుకొని బ్రిటిషు పాలనలోనున్న ఉత్తర ఐర్లండు చేరెను. కాని బ్రిటిషు అధికారులే అతనిని తిరిగి ఆ శిబిరమునకు పంపివేసిరి! ఐర్లండు తటస్థతకు భంగము కలిగినచో తమకే ఎక్కువ నష్టమని వారు భావించిరి. నియమము కాగితముపై మాత్రమే గాక ఆచరణలోను ఎంత బలముగా నుండినదో ఈ సంఘటన తెలుపుచున్నది.

2011 జూను నెలలో పరిశోధకులు ఆ బురదనేలను త్రవ్విరి. ఎనిమిది రెక్కల తుపాకులలో ఆరు, సుమారు వేయి తూటాలు, మెర్లిన్ ఇంజను, తోలు శిరస్త్రాణము మొదలగునవి దొరికినవి. అంతకంటె ఆశ్చర్యము, ఐర్లండు సైన్యమువారు ఆ తుపాకులను శుభ్రపరచి ఒకదానిని పేల్చి చూడగా అది పేలినది. డెబ్బది యేండ్లు తడినేలలో నున్న ఇనుము తుప్పు పట్టి పోకుండుటకు కారణమేమి?

ఇనుము తుప్పు పట్టుటకు నీరు, ఆమ్లజని రెండును కావలెను. ఐర్లండు బురదనేలలలో వేల సంవత్సరములుగా నాచుమొక్కలు పెరిగి, చచ్చి, పూర్తిగా కుళ్లకయే పొరలు పొరలుగా పేరుకొనినవి. ఈ పొరలు ఎల్లప్పుడును నీటితో నిండియుండుటచే గాలి లోనికి చొరదు. కొద్దిగా నున్న ఆమ్లజనిని పైపొరలలోని సూక్ష్మజీవులే వాడుకొనును. నేల చల్లగాను ఆమ్లగుణముతోను ఉండుటచే లోపల సూక్ష్మజీవులును మందగించును. కావున నీరు సమృద్ధిగా నున్నను ఆమ్లజని లేమిచే తుప్పు సాగదు. పైన గాలికి తగిలియున్న ఇనుపముక్క కొలది యేండ్లలోనే నశించును. లోతున పడినది నిలుచును.

భూమిలో దాగిన లోహమును కనుగొనుటకు భౌతికశాస్త్రము తోడ్పడును. ఇంజను, తుపాకులు మొదలగువానిలోని ఇనుము చుట్టుప్రక్కల భూమి అయస్కాంతక్షేత్రమును కొంచెము మార్చును. సున్నితమైన పరికరములతో నేలపై గళ్లుగళ్లుగా కొలిచి, ఆ మార్పును పటముపై గుర్తించినచో, ఎచ్చట త్రవ్వవలెనో తెలియును. అల్యూమినియముపై అయస్కాంతము పనిచేయదు. దానికి లోహశోధక యంత్రము కావలెను.

విమానమే రహస్యమైనప్పుడు

దిగినది మనుష్యులు మాత్రమే కాదు, రహస్యములును. 1944 ఏప్రిలు 28 తెల్లవారకముందే ఒక జర్మను రాత్రిపోరు విమానము డ్యూబెన్‌డోర్ఫ్‌లో దిగినది. దాని ముక్కున శత్రువిమానమును చీకటిలో కనిపెట్టు క్రొత్త రాడారు ఉండెను. ఆ రహస్యము బ్రిటిషువారికి తెలియునేమోయని జర్మనీ కలతచెందినది. చివరకు స్విస్ ప్రభుత్వము ఆ విమానమును మే నెలలో కాల్చివేయుటకును, అందుకు మారుగా 12 మెసర్‌ష్మిట్ పోరువిమానములను తనకు అమ్ముటకును ఒప్పందము కుదిరినది.

సైబీరియాలో ఫలితము వేరుగా నుండినది. 1944లో మూడు బి-29 బాంబరులు వ్లాదివోస్తోక్ ప్రాంతమున చక్కగా దిగినవి. వైమానికులు కొంతకాలమునకు ఇంటికి చేరిరి గాని విమానములు తిరిగి రాలేదు. రష్యనులు వానిని భాగములుగా విప్పి, కొలిచి, నకలు తీయ మొదలిడిరి. అందొక విచిత్రమైన చిక్కు వచ్చినది. అమెరికా రేకుల మందము అంగుళములలో నుండును. అంగుళములో 16వ వంతు మందమనగా 1.5875 మిల్లీమీటర్లు. రష్యాలోని కర్మాగారములో కొలతలన్నియు మెట్రిక్ పద్ధతివి. అట్టి రేకు వారి కడ లేదు. మందము పెంచినచో బరువు పెరుగును, తగ్గించినచో బలము తగ్గును. అందువలన ఒక్కొక్క భాగమునకు మందమును మరల నిర్ణయింపవలసి వచ్చినది. 1947 ఆగస్టు 3న మాస్కో దగ్గరి తుషినోలో టి.యు.-4 అను పేరుతో ఆ నకలు విమానములు ఎగిరినప్పుడు, కనబడకుండ పోయిన మూడు విమానముల చరిత్ర లోకమునకు తెలిసినది.

అపవాదు ఏమైనది?

ఇక మొదటి ప్రశ్నకు రావచ్చును. స్విట్జర్లండులో దిగిన వైమానికులు పిరికివారా?

సాక్ష్యములను ఒకచోట చేర్చి చూచినచో సమాధానము స్పష్టముగా తెలియుచున్నది. మొదటిది, భూగోళము. 1944 మార్చి 18, ఏప్రిలు 24 దాడుల లక్ష్యములలో ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ ఒకటి. ఆ నగరము కాన్‌స్టాన్స్ సరస్సు ఉత్తరపు టొడ్డుననే కలదు. సరస్సునకు దక్షిణపు టొడ్డు స్విట్జర్లండు! అక్కడ దెబ్బతిన్న విమానమునకు అన్నిటికంటె దగ్గరి నేల సరస్సు ఆవలిదే. ఆ రెండు దినములలో విమానములు గుంపుగా చేరుటలో వింత లేదు.

రెండవది, యంత్రముల స్థితి. యుద్ధానంతరము జరిగిన పరిశీలనలలో, దిగిన విమానములలో అత్యధిక భాగము ఇంగ్లండు చేరలేని స్థితిలో, దెబ్బతినియో పెట్రోలు లేకయో, ఉండినట్లు తేలినది.

మూడవది, ఆ మనుష్యుల నడవడి. ఉత్తమమైన సాక్ష్యము ఇదియే. యుద్ధమునుండి పారిపోవుటకే వచ్చినవాడు నిర్బంధమునుండి తప్పించుకొని మరల యుద్ధమునకు పోవుటకు ప్రయత్నింపడు. కాని మిత్రసేనలు 1944 శరత్తునాటికి ఫ్రాన్సువైపునుండి స్విస్ సరిహద్దును చేరగనే, వందలాది నిర్బంధితులు కొండలు దాటి పారిపోవుటకు సాహసించిరి. పట్టుబడినవారిని లూసెర్న్ ప్రాంతములోని వౌవిలర్‌మోస్ అను శిక్షాశిబిరమునకు పంపిరి. అక్కడ మురికి, ఆకలి, చలి, వ్యాధి వారిని పీడించినవి. ఆ శిబిరాధికారిని యుద్ధానంతరము స్విస్ సైనిక న్యాయస్థానమే శిక్షించినది.

అయినను ఆ వైమానికులు చట్టము దృష్టిలో నిర్బంధితులే గాని యుద్ధఖైదీలు కారు. అందువలన యుద్ధఖైదీలకు ఇచ్చు పతకమునకు వారు అర్హులు కారని అమెరికా ప్రభుత్వము చాలకాలము నిరాకరించినది. అమెరికా సైనిక కళాశాలలో చరిత్ర బోధించిన డ్వైట్ మియర్స్ అను సైనికాధికారి ఈ విషయమును చేపట్టెను. అతని తాత ఒక బి-17 నడిపి ఆ శిబిరమున బాధపడినవాడు. మియర్స్ పత్రములను, సాక్ష్యములను ఏండ్ల తరబడి సేకరించి, అక్కడి పరిస్థితులు యుద్ధఖైదీల శిబిరములకు తీసిపోవని నిరూపించెను. తరువాత అమెరికాలో చట్టము సవరింపబడినది. 2014 ఏప్రిలు 30న అప్పటికి జీవించియున్నవారిలో ఎనిమిదిమంది వృద్ధవైమానికులకు వైమానికదళాధిపతి పతకముల నిచ్చెను. మొత్తము 143 మందికి ఆ గౌరవము లభించినది. వారిలో చాలమంది దానిని చూడక మునుపే గతించిరి.

ఈ పరిశోధన నేర్పు పాఠము

విమానముల చరిత్రను వెదకు పద్ధతికిని, ప్రయోగశాలలోని పద్ధతికిని భేదము తక్కువ. ముందుగా వస్తువును నిశ్చయముగా గుర్తించవలెను. ఒకరి మాటను మరియొకరి మాటతో సరిచూడవలెను. కొలతలు, కాలమానములు ఒకే ప్రమాణమునకు తెచ్చుకొనవలెను. అనుమానమును అనుమానముగానే యుంచి, లెక్కతోను సాక్ష్యముతోను పరీక్షించవలెను. గణితము, భూగోళము, రసాయనము, భౌతికశాస్త్రము, చరిత్ర ఇవన్నియు ఇందు కలిసి పనిచేయును.

ఉపాధ్యాయులు తరగతిలో పటమును, కొలబద్దను ఇచ్చి, దెబ్బతిన్న విమానము ఏ ఏ స్థలములకు చేరగలదో విద్యార్థులచేత లెక్క కట్టించవచ్చును. వేగమును, దిగుదలను మార్చి చూచినచో, ఎన్ని నిమిషముల యెడములో ఒక పైలటు తన పదిమంది ప్రాణములను గూర్చి నిర్ణయము చేయవలసి వచ్చినదో వారికి బోధపడును. దూరముననున్నవారు అతనిని పిరికివాడనుట తేలిక. ఆ లెక్కను స్వయముగా వేసినవారు అట్లనుటకు ముందు ఒకసారి ఆలోచింతురు.